శాండిల్యుడి ఆకలి
(వేటూరి ప్రభాకర శాస్త్రి స్మారక ఉపన్యాసం)

ఈ రోజు నా మాట ముఖ్యంగా వెనక వరసల్లో కూర్చున్న విద్యార్థుల కోసం. పెద్దలు మన్నించాలి.

వేటూరి ప్రభాకర శాస్త్రి గారు 1888లో కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లిలో పుట్టారు, 1950లో కన్నుమూశారు. మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో తాళపత్రాల మధ్య, తిరుపతిలో అన్నమయ్య రాగిరేకుల మధ్య ఆయన జీవితం గడిచింది. జనం నోళ్లలో, చెదలు పట్టిన ఆకుల్లో చెదిరిపోయి ఉన్న పద్యాలను ఏరి ‘చాటుపద్య మణిమంజరి’ కూర్చారు. ‘క్రీడాభిరామా’న్ని వెలుగులోకి తెచ్చారు. ఇవన్నీ మీకు తెలిసినవే. ఆయన యోగసాధన గురించి కూడా చాలామందికి తెలుసు. కుంభకోణానికి చెందిన మాస్టర్ సి.వి.వి. గారి యోగమార్గాన్ని ఆయన నిండుగా నమ్మారు. ఆ నమ్మకంతోనే ఎందరో రోగులకు ఊరట కలిగించే పని పెట్టుకున్నారు. ‘ప్రజ్ఞాప్రభాకరం’లో ఆ సంగతులన్నీ తానే రాసుకున్నారు.

యోగాన్ని అంతగా నమ్మిన ఆ మనిషే ‘భగవదజ్జుకం’ అనే సంస్కృత ప్రహసనాన్ని తెలుగు చేశారు. అందులో ఒక యోగి తన యోగబలం చూపించబోయి ఒక గణిక శరీరంలో ప్రవేశిస్తాడు. దాంతో రంగమంతా అల్లకల్లోలమై జనం కడుపుబ్బ నవ్వుతారు. యోగి అయినవాడు ఆ నవ్వును అడ్డుకోలేదు, పక్కన పెట్టలేదు. ఏరి, శ్రద్ధగా తెలుగులో పెట్టి మనకు ఇచ్చారు. శాస్త్రి గారిని తలచుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు. అందుకే ఆ ప్రహసనాన్నే ముందు పెట్టుకుని, తత్త్వశాస్త్రానికి హాస్యంతో ఉన్న పని ఏమిటో మీ ముందు విచారిస్తాను.

1

తత్త్వశాస్త్రం జనానికి దూరమైపోయిందని బాధపడేవాళ్లు సాధారణంగా ఒక చిట్కా చెబుతారు. కాస్త హాస్యం జోడించండి, వింటారు అంటారు. వైద్యుడు చేదు మందును తేనెలో రంగరించి ఇచ్చినట్టన్నమాట. ఈ మాట సదుద్దేశంతోనే పుట్టింది, కాని దీనితో నేను ఏకీభవించను. మనం విన్న పురాణ ప్రవచనాలను గుర్తు చేసుకోండి. పదేళ్ల తర్వాత మనకు గుర్తున్నది పిట్టకథే. దాన్ని ఏ సూత్రం వివరించడానికి చెప్పారో గుర్తుండదు. తేనె నాకేసి మందు వదిలేశాం. జోడించిన హాస్యానికి ఎప్పుడూ ఇదే గతి. విషయానికీ దానికీ ఏ బంధమూ లేదు గనుక రెండూ విడిపోతాయి.

హాస్యంలో నేను విలువైనదిగా భావించేది దాని చూపు. ప్రతి ప్రహసనంలోనూ ఒకడు ఉంటాడు. వాడికి ఆకలి వేస్తుంటుంది, లేదా భయం వేస్తుంటుంది. చెప్పేది సగమే అర్థమవుతుంది, అయినా అక్కడే ఉంటాడు. గురుపీఠం మీద కూర్చున్నవాడికి ఆ చోటు నుంచి లోకం ఎలా కనిపిస్తుందో తెలియదు. తత్త్వశాస్త్రపు అసలు ప్రశ్నలు కొన్ని ఆ కింది చోటు నుంచే కనిపిస్తాయి. ఈ సాయంత్రం నేను నిలబెట్టదలచిన వాదం ఇదొక్కటే. తక్కినవన్నీ దానికి సాక్ష్యాలు.

2

మొదటి సాక్ష్యం మన ఇంట్లోదే. పరమానందయ్య గారి శిష్యులు ఏరు దాటిన కథ ఈ సభలో తెలియనివారు ఉండరు. అవతలి ఒడ్డుకు చేరాక అందరూ ఉన్నారా లేదా అని లెక్కపెడతారు. లెక్కపెట్టేవాడు తనను వదిలేసి తక్కినవాళ్లను లెక్కిస్తాడు. ఒకడు తక్కువవుతాడు. ఇంకొకడు లెక్కపెట్టినా అంతే. పోయినవాడి కోసం ఒడ్డున కూర్చుని ఏడుస్తారు. దారిన పోయే మనిషి వచ్చి, లెక్కించినవాడివి నువ్వు కూడా ఉన్నావు గదా అని చూపిస్తాడు.

ఈ కథను పిల్లలకు చెప్పి నవ్విస్తాం. వేదాంతంలో ఇది ‘దశముడి’, అంటే పదోవాడి, దృష్టాంతం. శంకరుల ‘ఉపదేశసాహస్రి’లో ఉంది. 14వ శతాబ్దంలో విద్యారణ్యులు ‘పంచదశి’లోని తృప్తిదీప ప్రకరణంలో దీన్ని అంగాంగమూ విడదీసి పరిశీలించారు. పదోవాడు తానేనని తెలియకపోవడం అజ్ఞానం. పదోవాడు లేడని నిశ్చయించుకోవడం ఆవరణం. ఏడవడం విక్షేపం. పదోవాడు ఉన్నాడయ్యా అని ఒక నమ్మదగినవాడు చెబితే కలిగేది పరోక్షజ్ఞానం. ఆ పదోవాడివి నువ్వే అని తెలిసినప్పటిది అపరోక్షజ్ఞానం. ఆ తర్వాత ఏడుపు ఆగడం, చివరికి తృప్తి. మొత్తం ఏడు మెట్లు. ఒక మూర్ఖుడి ఏడుపులో వేదాంత సాధనక్రమమంతా ఇమిడిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కథ వింటున్నంతసేపూ మనం దారిన పోయే మనిషి పక్కన నిలబడి నవ్వుతాం. మనకు లెక్క తెలుసు, వాళ్లకు తెలియదు. ఇంతలో విద్యారణ్యులు మనవైపు తిరుగుతారు. లోకంలో సమస్తాన్నీ చూస్తూ, లెక్కిస్తూ, కొలుస్తూ ఉన్న నువ్వు, చూస్తున్నవాణ్ణి ఎక్కడ లెక్కలో వేశావు అని అడుగుతారు. అప్పుడు తెలుస్తుంది, మనం ఏటి ఒడ్డున ఏడుస్తున్నవాళ్ల మధ్యే ఉన్నామని. నవ్వు లేకపోతే ఈ మలుపు లేదు. ముందు వాళ్ల మీద నవ్వినవాడికే ఆ ప్రశ్న తనమీదికి తిరిగినప్పుడు గట్టిగా తగులుతుంది. నేరుగా సూత్రం చెప్పి ఉంటే తల ఊపి ఊరుకునేవాడు.

3

ఇక ‘భగవదజ్జుకం’. దీనిమీదే ఎక్కువసేపు ఉంటాను, తొందర పెట్టకండి.

ఇది ఏడో శతాబ్దం నాటిదని చాలామంది పండితుల అభిప్రాయం. బోధాయనుడు రాశాడని ఒక మాట ఉంది. పల్లవరాజు మహేంద్రవర్మదని మరో మాట. మామండూరు శాసనంలో ‘మత్తవిలాసం’తో పాటు దీని పేరు కూడా కనిపించడం అందుకు కారణం. ‘మత్తవిలాసం’ మాత్రం నిశ్చయంగా మహేంద్రవర్మదే. అందులో కంచిలో ఒక కాపాలికుడి కపాలపాత్ర పోతుంది. ఒక బౌద్ధ భిక్షువు దొంగిలించాడని కాపాలికుడు నింద మోపుతాడు. మతాల వాదాలన్నీ ఆ పాత్ర చుట్టూ తిరిగి తిరిగి, చివరికి దాన్ని ఒక కుక్క ఎత్తుకుపోయిందని తేలుతుంది. ఇలాంటి రచనలను ఆ రోజుల్లో ఎవరూ తిరుగుబాటుగా చూడలేదు. నాట్యశాస్త్రం శుద్ధ ప్రహసనాన్ని నిర్వచించేటప్పుడే తాపసులు, విప్రులు అందులో పాత్రలుగా ఉంటారని చెప్పింది. తత్త్వం చెప్పేవాళ్లు నవ్వుల రంగం మీదికి రావడం మన నాటక సంప్రదాయం ముందుగా ఒప్పుకున్న సంగతి.

‘భగవదజ్జుకం’లో గురువు ఒక పరివ్రాజకుడు. శిష్యుడు శాండిల్యుడు. ఈ శాండిల్యుడు తన చరిత్ర తానే చెబుతాడు. జంధ్యం తప్ప మరేమీ లేని పేద బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. పొద్దున్నే తిండి దొరుకుతుందని బౌద్ధ సంఘంలో చేరాడు. అక్కడ రోజుకు ఒక్కపూటే భోజనమని తెలిసి, ఆకలికి తాళలేక బయటికి వచ్చేశాడు. ఇప్పుడు ఈ గురువు మూట మోస్తున్నాడు. రంగం మీదికి వచ్చేసరికి వాడి అనుమానమంతా ఒక్కటే, గురువు తనను వదిలేసి ఒంటరిగా భిక్షకు వెళ్లిపోయాడేమో అని.

గురువు ఆత్మ గురించి చెబుతాడు, శరీరం గురించి చెబుతాడు, సుఖదుఃఖాల్లో సమంగా ఉండటం గురించి చెబుతాడు. నీకు ఏమి వచ్చో చెప్పమని అడిగితే శాండిల్యుడు గుక్క తిప్పుకోకుండా ప్రకృతులు ఎనిమిది, వికారాలు పదహారు, వాయువులు అయిదు అని అప్పజెప్పి, ఇదంతా బౌద్ధ పిటకాల్లో ఉందంటాడు. ఇది సాంఖ్యం, బౌద్ధం కాదు అని గురువు దిద్దుతాడు. ఆకలి వేస్తోంది, అన్నం మీద ధ్యాసతో ఒకటి అనుకుని ఒకటి చెప్పాను అంటాడు శిష్యుడు.

మనం ఇక్కడ నవ్వుతాం. నేను మాత్రం ఈ ఘట్టాన్ని చదివినప్పుడల్లా తెలుగు దేశంలోని తరగతి గదులు తలచుకుంటాను. ప్రతి దర్శనానికీ ఇన్ని తత్త్వాలు, ఇన్ని ప్రమాణాలు, ఇన్ని భేదాలు అని సంఖ్యలు కంఠస్థం చేయించి పరీక్ష రాయించే పద్ధతిలో సాంఖ్యం, బౌద్ధం కలగాపులగం కాక మరేమవుతాయి? శాండిల్యుడు తెలివితక్కువవాడు కాదు. అతని కడుపుకు సంబంధించిన ప్రశ్న ఒక్కటీ ఆ పాఠంలో లేదు, అంతే.

ఇంతలో తోటలోకి వసంతసేన అనే గణిక వస్తుంది. ప్రియుడు రామిలకుడి కోసం ఎదురుచూస్తూ పూలు కోస్తుంటుంది. యమభటుడు పాము రూపంలో వచ్చి కాటేసి ప్రాణం తీసుకుపోతాడు. శాండిల్యుడు ఏడుస్తాడు. గురువు చలించడు. ఆయుస్సు తీరింది, పోయింది అంటాడు. శిష్యుడికి ఒళ్లు మండిపోతుంది. దయలేనివాడా అని గురువును నోటికొచ్చినట్టు తిడతాడు. అప్పుడు గురువు, వీడికి నమ్మకం కలిగించాలని, యోగబలంతో తన శరీరం వదిలి ఆ గణిక శరీరంలో ప్రవేశిస్తాడు. చచ్చిపోయిన వసంతసేన లేచి కూర్చుని “శాండిల్యా!” అని పిలుస్తుంది. తల్లి పరుగెత్తుకుంటూ వచ్చి కౌగిలించుకోబోతే ముట్టుకోవద్దని కసురుతుంది. ప్రియుడు దగ్గరికి వస్తే తోసేస్తుంది. వైద్యుడు విషం దించబోతే అతని శాస్త్రంలో తప్పులు పట్టి తరుముతుంది.

యమలోకంలో ఇంకో గొడవ. తీసుకురావలసిన వసంతసేన ఈమె కాదు, అదే పేరుగల మరొకామె. భటుడు చీవాట్లు తిని ప్రాణం తిరిగి పెట్టడానికి వస్తాడు. వచ్చి చూస్తే శరీరం ఖాళీగా లేదు. ఏం చేయాలో తోచక గణిక ప్రాణాన్ని పక్కన పడి ఉన్న సన్న్యాసి శరీరంలో పెడతాడు. గుండుతో, కాషాయంతో ఉన్న సన్న్యాసి లేచి రామిలకుడి కోసం కలవరిస్తాడు. శాండిల్యుడు ఇద్దరినీ చూసి, ఇతను భగవానుడూ కాడు, ఆమె అజ్జుకా (గణికా) కాదు, ఇది భగవదజ్జుకం అయిపోయిందంటాడు. చివరికి భటుడు ఎవరి ప్రాణాన్ని వారి శరీరంలో పెట్టిస్తాడు.

కథ ఇది. ఇందులో తత్త్వశాస్త్రం ఎక్కడుందని అడిగితే, గురువు చెప్పిన మాటల్లో ఉందని సాధారణంగా జవాబు వస్తుంది. నేను అలా అనుకోను. గురువు చెప్పినవి ఆ కాలానికి అందరికీ తెలిసిన మాటలే. అసలు విచారణ కథ నడకలో ఉంది.

మనిషి ఎవరు అనే ప్రశ్నకు ఈ చిన్న ప్రహసనంలో మూడు జవాబులున్నాయి. మూడూ మూడు రకాల పాత్రల చేత ఆడించాడు కవి. యమభటుడికి మనిషి అంటే పేరు. జాబితాలో వసంతసేన అని ఉంది, వసంతసేన దొరికింది, తీసుకుపోయాడు. తల్లికి, ప్రియుడికి, వైద్యుడికి మనిషి అంటే కళ్లముందున్న శరీరం. తాము కని పెంచిన ముఖం, తాము ప్రేమించిన ముఖం, తాము నాడి పట్టిన చెయ్యి. గురువుకు మనిషి అంటే శరీరం లోపలి ఆత్మ. పేరుతో గుర్తించినవాడు తప్పు మనిషిని తీసుకుపోయాడు. శరీరంతో గుర్తించినవాళ్లు సన్న్యాసిని కూతురనుకున్నారు. ఈ రెండు జవాబులూ రంగం మీద ఓడిపోయాయి. గురువు చెప్పిందే నిజమని కథ ఒప్పుకుంది. ప్రాణం ఎటు పోతే స్వభావం అటు పోయింది.

మరి గురువు ఎందుకు నవ్వులపాలయ్యాడు? శరీరం విడిచేసే వస్త్రం లాంటిదని చెప్పినవాడు ఆ మాట నిజమని నిరూపించాడు గదా! ఇక్కడే కవి దృష్టి ఎంత సూక్ష్మమో చూడండి. ఆ వైరాగ్యపు మాటలే వసంతసేన నోటి నుంచి వస్తే ఒక్కరూ వినలేదు. విషం తలకెక్కి ఏదో మాట్లాడుతోందనుకున్నారు. ఉపదేశానికి ఆ గుండు కావాలి, ఆ కాషాయం కావాలి, ఆ మగ గొంతు కావాలి. ఆత్మ వేరని చెప్పే ఉపదేశం కూడా శరీరం మీద ఆధారపడే చెల్లుబాటవుతోంది. గురువు సిద్ధాంతం గెలిచింది, గురువు గౌరవం దేనిమీద నిలబడి ఉందో బయటపడింది. ఈ రెండూ ఒకే క్షణంలో జరిగాయి. ఏ భాష్యంలోనూ ఈ సంగతి ఇంత స్పష్టంగా నాకు కనబడలేదు. దీన్ని చూడగలిగింది శాండిల్యుడి పక్కన కూర్చున్న ప్రేక్షకుడు.

4

ఇంగ్లండులో జాన్ లాక్ తన ‘మానవ అవగాహనపై వ్యాసం’ రెండో ముద్రణలో, 1694లో, ఇదే ప్రశ్నకు ఒక అధ్యాయం కేటాయించాడు. ఒక రాకుమారుడి ఆత్మ, అతని జ్ఞాపకాలన్నిటితో, ఒక చెప్పులు కుట్టే మనిషి శరీరంలోకి వెళ్లిందనుకోండి అన్నాడు. తాను చేసిన పనులకు బాధ్యత వహించవలసిన వ్యక్తి రాకుమారుడే. మరి అదే ‘మనిషి’ అని ఎవరైనా అంటారా అని అడిగాడు. వ్యక్తి వేరు, మనిషి వేరు అని తేల్చాడు. ఇవాళ ప్రపంచంలో తత్త్వశాస్త్రం చెప్పే ఎన్నో విశ్వవిద్యాలయాల్లో ఆ రాకుమారుడు, ఆ చెప్పులు కుట్టేవాడు పాఠంగా ఉన్నారు. మనవాళ్లు వెయ్యేళ్లు ముందే చెప్పారని గొప్పలు పోవడానికి నేను ఈ పోలిక తేలేదు. అలాంటి గొప్పల వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. లాక్ చేసిన విభజన పదునైనది. దాన్ని గౌరవిస్తాను.

అయినా ఒక తేడా చెప్పాలి. లాక్ ఉదాహరణలో ఇద్దరే ఉన్నారు. రాకుమారుడి తల్లి లేదు. చెప్పులు కుట్టేవాడి భార్య, ఇరుగుపొరుగు ఒక్క మాటలో దాటిపోతారు. ప్రహసనంలో తల్లి వస్తుంది. చచ్చిపోయిందనుకున్న కూతురు లేచి కూర్చుని, దగ్గరికి రావద్దని కసిరితే ఆ తల్లి ముఖం ఎలా ఉంటుంది? ప్రేక్షకులు నవ్వుతారు, ఆ నవ్వులో గుండె పట్టేసినట్టూ ఉంటుంది. నేనెవరు అనే ప్రశ్నలో నన్ను నన్నుగా ఎరిగినవాళ్ల వాటా ఎంత అనే కొత్త ప్రశ్న అక్కడ పుడుతుంది. మరుపు జబ్బు పడిన పెద్దవాళ్లను ఇంట్లో చూసుకుంటున్నవారు ఈ సభలో కొందరైనా ఉంటారు. తండ్రి తనను గుర్తుపట్టడు, తను మాత్రం తండ్రిని తండ్రిగానే చూసుకుంటుంది కూతురు. జ్ఞాపకమే వ్యక్తి అన్న సిద్ధాంతం ఆ ఇంట్లో చాలదు. ఆ కూతురికి లాక్ కంటే ఈ ప్రహసనం దగ్గరగా ఉంటుంది.

ప్రహసనానికి జనం కావాలి. రంగం మీద నలుగురు పరుగెత్తుకు రాకపోతే నవ్వు పుట్టదు. ఆ అవసరం వల్లే, ఏకాంతంలో ఆలోచించే తత్త్వవేత్త వదిలేసిన మనుషులు అందులోకి వస్తారు.

5

హాస్యం చేసే కీడు గురించి చెప్పకుండా ముందుకు పోతే నా వాదం సగమే అవుతుంది.

క్రీస్తుపూర్వం 423లో ఏథెన్సులో అరిస్టోఫనీస్ ‘మేఘాలు’ అనే నాటకం ఆడించాడు. పోటీలో దానికి మూడో స్థానం వచ్చింది. అందులో సోక్రటీస్ గాలిలో వేలాడే తట్టలో కూర్చుని ఆకాశాన్ని పరిశీలిస్తుంటాడు. అతని బడిలో మిన్నల్లి తన అడుగులతో ఎన్ని అడుగులు గెంతిందో కొలుస్తుంటారు. అప్పుల్లో మునిగిన స్ట్రెప్సియాడిస్ అనే ముసలివాడు, అప్పులవాళ్లను మాటలతో బురిడీ కొట్టించే విద్య నేర్చుకుందామని ఆ బడిలో చేరతాడు. చివరికి ఆ విద్య తన కొడుకు చేతిలో తన వీపుకే తగిలేసరికి, బడికి నిప్పు పెడతాడు. క్రీస్తుపూర్వం 399లో సోక్రటీస్ న్యాయస్థానంలో నిలబడినప్పుడు, తనమీద ఎప్పటినుంచో ఉన్న నింద ఆ హాస్యనాటకంలో మీరు చూసిందేనని చెప్పుకున్నట్టు ప్లేటో రాశాడు. ఇరవై నాలుగేళ్ల నాటి నవ్వు విచారణలో సాక్ష్యంగా వచ్చింది.

స్ట్రెప్సియాడిస్‌నూ శాండిల్యుణ్ణీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ చదువు కోసం రాలేదు. ఒకడు అప్పు ఎగ్గొట్టడానికి, ఇంకొకడు అన్నానికి వచ్చారు. ఇద్దరికీ పాఠం సరిగా ఎక్కదు. గురువు బలహీనతలన్నీ ఇద్దరికీ కనిపిస్తాయి. ఒకడు బడి తగలబెట్టాడు. శాండిల్యుడు అన్నీ చూశాక, ఇదంతా ఏమిటి స్వామీ అని అడుగుతాడు. పెద్ద కథ, ఇంటికి వెళ్లాక చెబుతాను అంటాడు గురువు. శిష్యుడు గురువుతో వెళతాడు. నవ్వినా ప్రశ్న పోలేదు, గురుశిష్యుల బంధమూ పోలేదు. నవ్వు ఎటువంటిదో కొలిచేటప్పుడు నేను అడిగేది ఇదే, నవ్విన తర్వాత ప్రశ్న మిగిలిందా, తగలబడిపోయిందా?

మన సాహిత్యంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 11వ శతాబ్దంలో చందేల రాజు కీర్తివర్మ కొలువులో కృష్ణమిశ్రుడు ‘ప్రబోధచంద్రోదయం’ రాశాడు. వేదాంతం అంటే మొహం చాటేసి, కావ్యనాటకాలంటే చెవి కోసుకునే ఒక శిష్యుడి కోసం గురువు ఈ నాటకం రాశాడని ఐతిహ్యం. నంది మల్లయ, ఘంట సింగయ జంటకవులు 15వ శతాబ్దంలో దీన్ని తెలుగు పద్యకావ్యం చేశారు. ఇందులో వివేకం, మహామోహం, శ్రద్ధ, శాంతి మనుషులై నడుస్తాయి. రెండో అంకంలో దంభుడి ఇంటికి అహంకారుడు వచ్చే సన్నివేశం గొప్పది. గాలికి నీ చెమట తుంపరలు ఎగిరి వస్తాయి, దూరంగా నిలబడు అంటాడు దంభుడి శిష్యుడు. అక్కడ కవి తన సాటివాళ్ల డాంబికాన్నే పట్టుకున్నాడు. మూడో అంకానికి వచ్చేసరికి చూపు మారిపోయింది. జైన క్షపణకుడు, బౌద్ధ భిక్షువు ఒక కాపాలిని కౌగిలికి పడిపోయి తమ మతాలు వదిలేస్తారు. వాళ్ల దర్శనాలకు అక్కడ ఒక్క మంచి వాదన కూడా దక్కదు. ప్రత్యర్థి మీద నవ్వడానికి ధైర్యం అక్కర్లేదు. వేదాంతం మీద ఒక్క నవ్వు కూడా పడకుండా కవి కాపాడుకున్నాడు. అందువల్ల అందులో వేదాంతం గెలిచినా బతికిన తత్త్వంగా నాకు అనిపించదు. మల్లయ, సింగయల పద్యశిల్పం మీద నాకు ఎంత అభిమానం ఉన్నా ఈ తీర్పు మార్చుకోలేను.

కాశ్మీరంలో తొమ్మిదో శతాబ్దంలో జయంతభట్టు దీనికి మరో దారి చూపించాడు. ‘న్యాయమంజరి’ వంటి మహాగ్రంథం రాసిన తార్కికుడు. రాజు తనను శబ్దం కూడా వినిపించని చెరలో పెట్టాడని, గ్రంథరచన అనే వినోదంతో అక్కడ రోజులు గడిపానని రాసుకున్నాడు. ఆయనే ‘ఆగమడంబరం’ అనే నాటకమూ రాశాడు. అందులో సంకర్షణుడనే కుర్ర మీమాంసకుడు వేదానికి వ్యతిరేకులైన వాళ్లందరినీ వాదంలో ఓడిస్తానని బయలుదేరతాడు. బౌద్ధవిహారంలో భోజన వైభోగం చూసి కవి నవ్విస్తాడు. అయితే వెంటనే ధర్మోత్తరుడి చేత బౌద్ధవాదాన్ని గట్టిగా చెప్పిస్తాడు. తిండి మీద నవ్వాడు, వాదాన్ని గౌరవించాడు. నవ్వులో న్యాయం అంటే ఇది.

6

ఇప్పుడు తెలుగు నేలకు తిరిగి వద్దాం. శాండిల్యుడి చోటు మన దగ్గర ఎవరికి దక్కింది?

కూచిపూడి భాగవతులు ఆడిన ‘గొల్లకలాపం’ చూడండి. భాగవతుల రామయ్య రచన. చల్లకుండతో వచ్చిన గొల్లభామ ఒక బ్రాహ్మణుడితో వాదానికి దిగుతుంది. ఆ బ్రాహ్మణుడి తడబాటుతో జనం నవ్వుతుంటారు. ఆమె మాత్రం గర్భంలో పిండం నెలనెలా ఎలా పెరుగుతుందో వివరిస్తుంది, యజ్ఞం అంటే ఏమిటో అడుగుతుంది, బ్రాహ్మణత్వం పుట్టుకలో ఉందా, నడతలో ఉందా అని నిలదీస్తుంది. ఉపనిషత్తుల చర్చ పల్లెటూళ్లలో నేల మీద కూర్చున్నవాళ్లకు చేరింది ఇలాగే. అందరికీ ఒకే విధంగా తయారయ్యే పిండం ముందు కుల గర్వం ఎలా నిలుస్తుందని అడిగే హక్కు ఆ రంగం మీద చల్ల అమ్ముకునే మనిషికి వచ్చింది.

తెలుగు నేల దాటి చూసినా ఇదే. కేరళలో కూడియాట్టం అనే నాటక ప్రదర్శనలో విదూషకుడు రాత్రుల తరబడి జనం భాషలో మాట్లాడతాడు. ధర్మార్థకామమోక్షాలకు బదులు భోజనం, రాజసేవ, వినోదం, వంచన అని తన నాలుగు పురుషార్థాలు చెబుతాడు. జనం నవ్వుతారు. నవ్వుతూనే తమ రోజు నిజంగా ఏ నాలుగింటితో గడుస్తోందో ఒప్పుకుంటారు. గురజాడ ‘కన్యాశుల్కం’లో సారాదుకాణం దగ్గర బైరాగి చుట్టూ చేరి వేదాంతం మాట్లాడేవాళ్లను చూసినా ‘మత్తవిలాసం’ నాటి కంచి వీధి మళ్లీ కనిపిస్తుంది. ఈ గొలుసు తెగలేదు. దాన్ని తత్త్వశాస్త్రంగా గుర్తించి తరగతిలోకి తీసుకోవడం ఒక్కటే మనం చేయలేదు. సాహిత్య విభాగం వాళ్లు రసం చూసి వదిలేశారు, తత్త్వశాస్త్ర విభాగం వాళ్లు నాటకమని వదిలేశారు.

7

చివరి మాట అధ్యాపకులకు, రేపు అధ్యాపకులు కాబోయే ఆ వెనక వరసలకు.

ఆత్మ గురించి పాఠం మొదలుపెట్టే రోజున నిర్వచనాలు బల్ల మీద రాయకండి. ‘భగవదజ్జుకం’ పంచి ఇచ్చి తరగతిలో ఆడించండి. గంటలో అయిపోతుంది, పెద్ద సరంజామా అక్కర్లేదు. తల్లి పాత్ర వేసిన అమ్మాయిని, నీ కూతురు ఎవరని అడగండి. యమభటుడు వేసిన అబ్బాయిని, నువ్వు ఎవరిని తీసుకుపోయావని అడగండి. వాళ్లిద్దరూ కొట్లాడుకున్న తర్వాత సాంఖ్యం తెరవండి, లాక్‌ను తెరవండి. అప్పుడు ఆ పుస్తకాలు తమ గొడవకే జవాబులు వెతుకుతున్నాయని విద్యార్థికి తెలుస్తుంది. ఇంకొకటి కూడా కోరుతున్నాను. మీరు నమ్మే సిద్ధాంతం మీద కూడా నవ్వనివ్వండి. అద్వైతి అయిన గురువు అద్వైతం మీద, మార్క్సిస్టు అయిన గురువు మార్క్సిజం మీద శిష్యుడు వేసిన ఛలోక్తిని విని, దానికి జవాబు ఆలోచించాలి. అది చేయలేని చోట తత్త్వశాస్త్రం ఒక మతం అయిపోతుంది.

ప్రకాశకులకు, అకాడమీలకు ఒక విన్నపం. శాస్త్రి గారు తెలుగు చేసిన ప్రహసనాలు గ్రంథాలయ సంపుటాల్లో మాత్రమే ఉంటే చాలదు. ఒక డిగ్రీ విద్యార్థి బస్సు ఛార్జీ ధరకు కొనుక్కోగల చిన్న పుస్తకంగా, కష్టమైన మాటలకు అర్థాలతో, రంగస్థల సూచనలతో ‘భగవదజ్జుకం’ రావాలి. ఈ ఉపన్యాసనిధి పెద్దలు ఆ పని తలపెడితే, అర్థాలూ సూచనలూ రాసే శ్రమ నేను పడతానని ఈ సభలో మాట ఇస్తున్నాను.